కాలివేళ్ళు వదులయ్యేదాకా

పందొమ్మిదేళ్ళలో కుప్పమ్మ నోరు ఒక్కసారే మూతబడింది. అదీ సొంత మొగుడి ముందర.

బల్ల మీద పడుకుని ఉన్నాడు ధనంజయ. కుడి భుజం గూట్లోంచి జారిపోయింది. గుండ్రంగా ఉండాల్సిన చోట చొక్కా పలకలాగా చదునుగా కనిపిస్తోంది. మొహం నిండా చెమట. కాలివేళ్ళు పదీ కిందికి ముడుచుకుని ఉన్నాయి. ఎముకలకు కట్టు కట్టే పెద్దాయన మునివెంకటప్ప ఆ చెయ్యి పట్టుకుని, తల వంచుకుని, చెవి మాత్రం కుప్పమ్మ వైపు పెట్టి నిలబడ్డాడు. గుమ్మం దగ్గర టోకెన్లు రాసే గ్రేసీ రాత ఆపి చూస్తోంది. వరండాలో ఇరవై మంది తమ విరిగిన చేతుల సంగతి మర్చిపోయి మెడలు సాచారు.

అందరికీ కావాల్సింది ఒకటే. కుప్పమ్మ మాట్లాడాలి. ఆమె మాట్లాడితే ధనంజయ ఒళ్ళు వదులవుతుంది. ఒళ్ళు వదులైతేనే భుజం గూట్లో పడుతుంది. ఒకసారి లాగడం అయింది, పడలేదు. ఇంక ఒక్కసారే లాగుతానన్నాడు పెద్దాయన.

జిల్లాలో సగం మందిని మాట్లాడించిన మనిషికి ఆ పూట ఒక్క మాట దొరకలేదు. ఎందుకు దొరకలేదో తెలియాలంటే ముందు ఆమె పనేమిటో తెలియాలి.

పుత్తూరు చుట్టుపక్కల కట్టు కట్టే ఇళ్ళు చాలా ఉన్నాయి. కోడిగుడ్డు తెల్లసొన, ఆకు పసరు, వెదురు బద్దలు, గుడ్డ. మునివెంకటప్ప ఇల్లు వడమాలపేట వైపు పోయే రోడ్డు పక్కన ఉంటుంది. తాతల నాటి పని. అట్లాగని మొండివాడేం కాదు. ఎక్స్‌రే ఫిల్ము చూడందే చెయ్యి వెయ్యడు. ఎముక ముక్కలు ముక్కలుగా ఉంటే, "ఇది నా పని కాదు నాయనా, ఆసుపత్రికి పో" అని మొహం మీదే చెప్పేస్తాడు. ఆ ఇంట్లో ఒకరు ఆకు నూరతారు, ఒకరు బద్దలు చెక్కుతారు, ఒకరు గుడ్లు కొడతారు. కుప్పమ్మ పలకరిస్తుంది. అంతే. అదే ఆమె ఉద్యోగం.

"పలకరిచ్చేదానికి గూడా ఒక మనిసా?" అని కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వుతారు. వాళ్ళే ఎనిమిదో రోజు కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు, "కుప్పమ్మక్క ఉండాదా ఈ పొద్దు?" అని అడిగి మరీ టోకెన్ తీసుకుంటారు.

ఆమె చేరింది మాత్రం గుడ్లు కొట్టడానికే. చేరిన నెలకి, ఏర్పేడు వైపు నుంచి ఒక కంకర లారీ డ్రైవరు ముంజేయి విరిగి వచ్చాడు. దున్నపోతులాంటి మనిషి. నలుగురు పట్టుకున్నారు. పెద్దాయన వేలు తగిలితే చాలు, చెయ్యి కొయ్యలాగా బిగుసుకుంటోంది. లాగితే వాడి కండే ఎముకను వెనక్కి గుంజుకుంటోంది. మూలన కూర్చుని తెల్లసొన గిలక్కొడుతున్న కుప్పమ్మ తలెత్తకుండానే అడిగింది.

"నీ లారీకి ఏం పేరు రాపిచ్చినావబ్బా?"

డ్రైవరు అరుపు ఆపాడు. "మా పాప పేరు."

"ముందరా, ఎనకాలా?"

"ముందర పాప పేరు. ఎనకాల మాయమ్మ పేరు."

"మరి పెండ్లాం పేరు యాడ రాపిచ్చినావు?"

పట్టుకున్న నలుగురూ పక్కుమన్నారు. డ్రైవరుకి కూడా నవ్వొచ్చింది. "ఆ యమ్మకి డీజిలు ట్యాంకు మింద..." అంటూ ఉన్నాడు, మాట పూర్తవకముందే ఎముక వచ్చి ఎముక మీద కూర్చుంది. వాడికి తెలియనే లేదు. "...ఎర్ర రంగుతో రాపిచ్చినా" అని చెప్పడం ముగించి, "ఎప్పుడు లాగుతావు సామీ?" అని అడిగాడు.

పెద్దాయన ఆ సాయంత్రమే తేల్చేశాడు. "రేపట్నించి గుడ్లు ఇంగెవురన్నా కొడతారు. నువ్వు మాట్లాడమ్మే."

గిన్నె మాత్రం ఆమె చేతిలోనే ఉండిపోయింది. అదిప్పుడు సైగ చేసే పనిముట్టు. పెద్దాయన కళ్ళు ఎముక మీద ఉంటాయి, మనిషి మొహం మీద ఉండవు. ఎప్పుడు లాగాలో ఆయనకు కుప్పమ్మ చెప్పాలి. ఒళ్ళు వదులైన క్షణాన చెంచాతో గిన్నె అంచు మీద టంగుమని ఒక్క దెబ్బ కొడుతుంది. ఆ దెబ్బతో ఆయన చెయ్యి కదులుతుంది.

ఒళ్ళు వదులైందని ఎట్లా తెలుస్తుంది? ఇది ఏ బడిలోనూ చెప్పరు, కుప్పమ్మ తనకు తానే కనిపెట్టింది. మొహం చూడకూడదు. మగవాళ్ళు మొహంతో అబద్ధం చెప్తారు, ఆడవాళ్ళు కళ్ళతో ఓర్చుకుంటారు. కాలివేళ్ళు చూడాలి. భయమున్నంతసేపూ వేళ్ళు కిందికి ముడుచుకునే ఉంటాయి. మనసు ఇంకో చోటికి పోయిందా, ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. చివరికి బొటనవేలు పైకి లేస్తుంది. అప్పుడే టంగు.

కాబట్టి నోటికొచ్చింది వాగితే కుదరదు. నొప్పిగా ఉందా అని అడిగితే నొప్పే గుర్తొస్తుంది. మామిడి రైతును పూత ఎట్లుందని అడగొచ్చు, ధర ఎంత పలికిందని అడిగితే వేళ్ళు ఇంకా బిగుస్తాయి. ఏ ఊరు, ఎవరి బిడ్డ అని మొదలుపెట్టి, ఆ మనిషికి ఏది తీపో వెతుక్కుంటూ పోవాలి. ఒకామెకి తన పాడి ఎనుము. ఒక ముసలాయనకి కావేరీ దాటి ఒక్కడే పోయి చూసొచ్చిన ఊళ్ళు. ఇంజనీరింగు పిల్లోడికి పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసిన సంగతి. అది దొరికేదాకా వెతకాలి, దొరికాక వినాలి. విన్నట్టు నటిస్తే ఎవరికైనా తెలిసిపోతుంది, వేళ్ళకు ఇంకా ముందు తెలుస్తుంది. అందుకని నిజంగానే వినాలి.

అట్లా విన్నవి ఆమె తలలో ఉండిపోయాయి. మూడేళ్ళ తర్వాత బస్టాండులో కనపడితే, "మీ ఎనుము ఈనిందా?" అని అడుగుతుంది. ఆ ఎనుము ఆమెకి ఆడబిడ్డ అయినట్టు అడుగుతుంది. అందుకే ఆమె బస్సెక్కితే ఎవరో ఒకరు లేచి సీటిస్తారు. తొలి కాపు చెనిక్కాయలు ఆమె వాకిట్లోకి వస్తాయి. ఒకసారి నగిరి దగ్గర వానలో చిక్కుకుంటే, తలుపు తెరిచిన ఇంటామె తన మణికట్టు చూపించి, "గుర్తుండానా అక్కా?" అంది. ఆ రోజు వేడి సంగటి, ఊరిబిండి పచ్చడి తిని, ఆ ఇంటామె చీర కట్టుకుని తిరిగొచ్చింది. పదో తరగతి కూడా చదవని మనిషి. పెద్ద పెద్ద ఉద్యోగాల్లో రిటైరైన వాళ్ళకు పక్క వీధిలో మంచినీళ్ళు ఇచ్చే దిక్కు ఉండదు. ఈమెకి చిత్తూరు నుంచి సూళ్ళూరుపేట దాకా ఏ ఊళ్ళో దిగినా ఒక ఇల్లు ఉంది.

ఇదంతా ఊరికే రాలేదు. మూట మోసినవాడికి భుజం నొస్తుంది, నాటు వేసినామెకి నడుం నొస్తుంది. రోజుకు నలభై మందితో మాట్లాడిన మనిషికి ఎక్కడ నొస్తుందో చూపించడానికి చోటు లేదు. సాయంత్రం ఆరున్నరకి ఇల్లు చేరి, గోడకి ఆనుకుని, కాళ్ళు బారజాపి కూర్చుంటుంది. బోరు పొద్దంతా తోడితే సాయంత్రానికి గాలి కొడుతుంది కదా, అట్లా. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాదు.

ఇంక ధనంజయ సంగతి. ఆయన పుత్తూరులోనే మరమగ్గాల షెడ్డులో పని చేస్తాడు. ఎనిమిది మగ్గాలు ఒక్కసారిగా దడదడలాడుతుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అక్కడ మాటలుండవు, సైగలే. బొటనవేలు నోటి దగ్గర పెడితే టీ. మెడ మీద చెయ్యి పెడితే దారం తెగింది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా ఒక్క మాట లేకుండా గడిపి, రోజంతటి మాటలూ మూటగట్టుకుని ఇంటికి వస్తాడు. వచ్చి చూస్తే గోడకి ఆనుకుని కుప్పమ్మ.

"ఈ పొద్దు షెడ్డులో ఏం జరిగిందో తెలుసునా?"

"ఊ."

"మన ధనశేఖర్ లేడా, వాడు..."

"ఊ."

కొన్నేళ్ళకి ఆ 'ఊ' కూడా పోయింది. ఆయన చెప్పడమూ పోయింది. కొట్లాట లేదు, అలక లేదు. ఇద్దరూ అన్నం తింటారు, టీవీ చూస్తారు, పడుకుంటారు. కూతురు మోహన తిరుపతిలో ఒక ల్యాబులో పని చేస్తుంది. సెలవుకి ఇంటికొచ్చినప్పుడల్లా ఆ అమ్మాయి ఒకటే దెప్పేది: "అమ్మా, నీతో మాట్లాడల్లంటే మేం గూడా కాలో చెయ్యో ఇరగ్గొట్టుకోని, టోకెన్ తీసుకోని రావల్లనా?"

కుప్పమ్మ నవ్వేది. ధనంజయ నవ్వేవాడు కాదు.

మొన్న ఫిబ్రవరిలో, శివరాత్రి పోయిన వారం, దారం ఉండల పెట్టె మోసుకుంటూ ధనంజయ షెడ్డు మెట్ల మీద జారాడు. కింద పడుతూ చెయ్యి ఆనించాడు. భుజం జారింది. పక్క మగ్గం మీద పనిచేసే ధనశేఖర్ తువ్వాలు మెడకు కట్టి, చెయ్యి అందులో పెట్టి, పుత్తూరులోనే ఎక్స్‌రే తీయించి, మోపెడ్ మీద తీసుకొచ్చాడు. అప్పటికి మధ్యాహ్నం మూడైంది.

"అక్కా, ధనంజయన్న!" అని గ్రేసీ కేక పెట్టింది.

కుప్పమ్మ గిన్నెతోనే బయటికొచ్చింది. "ఏమైందబ్బా?"

"ఏం కాలే. జారింది" అన్నాడు ధనంజయ, పళ్ళ మధ్య నుంచి.

"ముందు కాలు జారె, ఎనకాల భుజం జారె వదినా. అన్న ఏది చేసినా వరస ప్రకారం చేస్తాడు" అన్నాడు ధనశేఖర్.

మునివెంకటప్ప ఫిల్మును కిటికీ వెలుతురుకి పెట్టి చూశాడు. "ఇరగలేదు. గూడు దిగింది. ఎక్కిద్దాం పట్టండి."

ధనంజయ వరండా వైపు చూశాడు. "లైన్లో ఉండేవాళ్ళు ముందు పోనీ."

మణికట్టుకి కట్టుతో కూర్చున్న రుక్మిణమ్మ, పెద్దామె, చెయ్యి ఊపింది. "కుప్పమ్మ మొగుడంటే మా ఇంటి అల్లుడే గదా నాయనా. అల్లుడిని లైన్లో నిలబెడతామా? పో లోపలికి."

బల్ల మీద పడుకోబెట్టారు. పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు. కుప్పమ్మ గిన్నె, చెంచా పట్టుకుని కాళ్ళ వైపు నిలబడింది. నోరు తెరిచింది. పందొమ్మిదేళ్ళ అలవాటు, ముందు ఏ మాట వస్తుందో అదే వచ్చింది.

"ఏ ఊరబ్బా మీది?"

వరండా గొల్లుమంది. ధనశేఖర్ గోడ పట్టుకుని నవ్వాడు. ధనంజయ మొహం ఎర్రబడింది. "సిగ్గులేదా నీకి? మీ ఊరే!"

వేళ్ళు ఇంకా బిగిశాయి. కుప్పమ్మ తడబడి ఇంకోటి ఎత్తుకుంది. "మగ్గం మింద ఇప్పుడేం చీర పోతా ఉండాది?"

"ఆ గిన్నె కింద పెట్టు ముందు. నువ్వేం చేస్తా ఉండావో నాకు తెల్దా? నువ్వు ప్రశ్న అడుగుతావు, నేను చెప్తా ఉంటా, నువ్వు చెంచాతో కొడతావు, ఆయన లాగుతాడు. ఈడ చేరిన కొత్తలో నువ్వే గదా కతలు కతలుగా చెప్పినావు. అప్పుడు చెప్పేదానివి."

అదీ చిక్కు. వచ్చేవాళ్ళెవరికీ ఆ చెంచా సంగతి తెలియదు. ఈయనకి తెలుసు. ఆమె ఏది అడిగినా దాని వెనక చెంచా కనపడుతోంది ఆయనకి. అయినా కుప్పమ్మ కూతురి గురించి అడిగింది, షెడ్డు ఓనరు గురించి అడిగింది. ముక్తసరిగా జవాబులు. ఒకసారి చిటికెనవేలు కదిలినట్టనిపించి తొందరపడి టంగుమని కొట్టింది. ఆ శబ్దానికే ఆయన ఒళ్ళంతా పిడికిలిలాగా మూసుకుంది. అప్పటికే పెద్దాయన లాగాడు. ధనంజయ పెట్టిన కేకకి వరండాలో నవ్వు ఆగిపోయింది.

భుజం పడలేదు.

మునివెంకటప్ప చెమట తుడుచుకున్నాడు. "తప్పు కొట్టినావు కుప్పమ్మా." పందొమ్మిదేళ్ళలో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. "ఇంగొక్క తూరి సూస్తా. మూడోసారి నేను లాగను, నరం దెబ్బ తినిందంటే చెయ్యి పనికి రాదు. తిరుపతికి తీసకపొండి, మత్తిచ్చి లాగుతారు."

ఇదిగో, అప్పుడు మూతబడింది కుప్పమ్మ నోరు.

ఈ మనిషికి ఏది తీపి? ఆమె వెతికింది. వంకాయ తినడని తెలుసు. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటాడని తెలుసు. చొక్కా కొలత తెలుసు, చెప్పుల నెంబరు తెలుసు. వీటిలో ఏదీ ప్రశ్న కాదు. ఆయనంతట ఆయన వచ్చి తనకు చెప్పిన చివరి సంగతి ఏమిటని గుర్తు చేసుకోబోయింది. రాలేదు. తలలో వేలమంది కబుర్లున్నాయి. ఎవరి ఎనుము ఎప్పుడు ఈనిందో ఉంది. ముప్పై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషిది ఒక్కటి లేదు.

చేతిలో గిన్నె బరువనిపించింది. వంగి నేల మీద పెట్టింది. చెంచా కూడా పెట్టింది. ముక్కాలిపీట లాక్కుని ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది.

"నాకు ఏం అడగల్నో తెల్దబ్బా నిన్ను" అంది.

గట్టిగా అనలేదు. అయినా గుమ్మం దాకా వినపడింది. గ్రేసీ తల దించుకుంది.

ధనంజయ పైకప్పు వైపు తల తిప్పాడు. అటే చూస్తూ మొదలుపెట్టాడు.

"తెల్దా! ఊరోళ్ళని అడిగేదానికి తెలుస్తాది, నన్ను అడిగేదానికి తెల్దా? నేను బస్సెక్కితే, నువ్వు కుప్పమ్మక్క మొగుడివి గదన్నా అంటారు. కార్వేటినగరంలో పెండ్లికి పోతే, నేనెవురో తెలిసేసరికి పెండ్లికొడుకు పక్కన కూసోబెట్టి రెండు వడలు ఎక్కువేసినారు. ఎందుకేసినారు? వాళ్ళత్త తుంటి నొప్పితో వచ్చినప్పుడు నువ్వు ఆ యమ్మ చేత చిన్నప్పటి పాట పాడిచ్చినావంట. నాకు తెల్దే! ఎవురో వడ వడ్డిస్తా చెప్తే తెలిసింది. నీ సంగతులన్నీ నాకు బయటోళ్ళే చెప్తారు. నేను ఎచ్చులకి పోయి, అవును, నాకు చెప్పింది, నాకన్నీ చెప్తాది అంటా. అబద్ధం! ఇంటికొస్తే నువ్వు గోడ. నేను నోరు తెరస్తా, నీ మొగం సూస్తా, పాపం అలిసిపోయిండాది ఆడమనిసి అని మూసుకుంటా. ఎన్నేండ్లు మూసుకోవల్ల?"

కుప్పమ్మ పీట ముందుకు జరుపుకుంది. విన్నది. పని కోసం కాదు. ఆ క్షణాన ఆమెకు పని గుర్తే లేదు.

"మొన్న సంగతే తీసుకో. పసుపు చీరకి ఎప్పుడూ పచ్చ అంచే పెట్టేది మా ఓనరు. వంగపండు రంగు పెట్టి సూడన్నా అని నేను చెప్పినా. పెట్టినాడు. కంచి నుంచి వచ్చిన సేటు ఉండేవన్నీ ఎత్తకపోయి, మళ్ళా యాభై కావల్లన్నాడు. ఓనరు నా భుజం తట్టినాడు, ఇదే భుజం! ఎవురికి చెప్పుకోవల్ల నేను? నీకి చెప్దామని వస్తే నువ్వు గోడ. సరే, పొద్దున్నే షెడ్డులో వీడికి చెప్దామని సైగ చేసినా. చీర గొప్పగా ఉందని ఇట్ల బొటనవేలు పైకెత్తి సూపిస్తే, వీడు..."

"అన్న టీ అడిగినాడనుకున్యా" అన్నాడు ధనశేఖర్ గుమ్మంలోంచి. "తెచ్చిస్తిని గదా!"

"ఒకటి కాదే, రెండు తెచ్చినాడు! నేను కాదు కాదని చేతులూపితే, సాలవేమో అనుకోని పరిగెత్తి మూడోది..."

వరండా మళ్ళీ గొల్లుమంది. ధనంజయకి కూడా నవ్వు తన్నుకొచ్చింది. కడుపు కదిలేట్టు నవ్వాడు.

కుప్పమ్మ చూపు తనంతట తనే కిందికి దిగింది. వేళ్ళు విచ్చుకుంటున్నాయి. చిటికెనవేలు, దాని పక్కది, ఆ పక్కది. బొటనవేలు లేచింది.

ఆమె గిన్నె జోలికి పోలేదు. తలెత్తి పెద్దాయన వైపు చూసింది. ఎముక మీద నుంచి ఎన్నడూ కళ్ళు తీయని ఆ మనిషి అప్పటికే ఆమె వైపు చూస్తున్నాడు. ఆమె ఒక్కసారి రెప్ప వాల్చింది. పందొమ్మిదేళ్ళ పని అది, చెంచా అక్కర్లేదు. పెద్దాయన పట్టులో ధనంజయ చెయ్యి నింపాదిగా పైకి లేచి, కొంచెం బయటికి తిరిగింది. భుజంలో టక్కుమంది.

"...మూడు టీలు! నేను ఒక్కటి తాగలే, కోపంతో" అని ధనంజయ ఇంకా చెప్తున్నాడు.

"వంగపండంటే లేతదా, ముదురుదా?" అంది కుప్పమ్మ.

"ముదురుది. నల్లగా కనపడతాది, ఎండలోకి తీసకపోతే... ఏంది అందరూ అట్ల సూస్తా ఉండారు?"

"అయిపోయింది" అన్నాడు పెద్దాయన.

"ఏంది అయిపోయింది?"

"నీ భుజం నాయనా. కూసుండాది దాని తావులో."

ధనంజయ ఎడమ చేత్తో తడిమి చూసుకున్నాడు. పెళ్ళాం వైపు అనుమానంగా చూశాడు. "చెంచా కొట్టలేదే నువ్వు!"

రుక్మిణమ్మ వరండాలోంచి అరిచింది. "ఈ పొద్దు నీ పని నీ మొగుడు చేసినాడే కుప్పమ్మా! పనిలో పెట్టుకోండి ఆయన్ని గూడా!"

ఆ రోజు తెల్లసొన కుప్పమ్మే గిలక్కొట్టింది. మిగతావాళ్ళు తాము కొడతామన్నా గిన్నె ఇవ్వలేదు.

ఒక్కరోజులో మనుషులు మారిపోతారని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఆ సాయంత్రం కూడా కుప్పమ్మ గోడకి ఆనుకునే కూర్చుంది. ధనంజయ తర్వాత ఇంకా ఇరవై మంది ఉన్నారు మరి. మాటలు ఒట్టిపోయి ఉన్నాయి. ఆయనా ఏమీ అడగలేదు. అన్నం మాత్రం ఆమె కలిపి పెట్టింది, కుడి చెయ్యి కట్టులో ఉంది కాబట్టి.

ఎనిమిదో రోజు కట్టు మార్చాలి. పొద్దున్నే తనతో రమ్మంది, తలుపులు తీయకముందే మార్పించేస్తానంది. ఆయన రానన్నాడు. పదకొండింటికి తలదువ్వుకుని, ఇస్త్రీ చొక్కా ఒక చేతికి తొడిగి ఇంకో పక్క కప్పుకుని, గ్రేసీ ముందు నిలబడ్డాడు.

"టోకెన్ రాయమ్మా."

"నీకు టోకెన్ ఏందన్నా? నువ్వు నేరుగా పో."

"రాస్తావా రాయవా?"

ఇరవై ఏడో నెంబరు వచ్చింది. రెండు గంటలు వరండాలో చెనిక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. లోపల కుప్పమ్మ ఒక్కొక్కరిని పలకరిస్తుంటే గుమ్మంలోంచి ఆయన చెవి ఆమెకు కనపడుతూనే ఉంది. ఆయన వంతు వచ్చింది. బల్ల మీద కూర్చున్నాడు. పెద్దాయన కట్టు విప్పుతున్నాడు.

కుప్పమ్మ గొంతు సవరించుకుంది. "ఏ ఊరబ్బా మీది?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ధనంజయ కొత్తవాడిలాగా చెప్పాడు. "పుత్తూరే. మగ్గాల వీధి."

"ఇంట్లో ఎవురెవురుండారు?"

"పెండ్లాముండాది. శానా పనుండే మనిసి. దొరకదు."

"చిన్నప్పుడు ఏం పని చేసేవాడివి?"

"మగ్గం లోకి రాకముందు ఒక ఏడు భారతం ఆటలో వేసం కట్టినా. ద్రౌపది చెలికత్తె. పదహారేండ్లు నాకు. రెండే మాటలుండె చెప్పేదానికి. రెండోది మర్చిపోయి, మొదటిదే రెండుసార్లు చెప్పేస్తిని. ధర్మరాజు వేసం కట్టినాయన కిరీటం తీసి కొట్టినాడు."

కుప్పమ్మ గిన్నె వణికేట్టు నవ్వింది. "ఇన్నేండ్లూ నాకు చెప్పలేదే!"

"నువ్వు అడగలే."

పెద్దాయన కట్టు మార్చడానికి ఎప్పుడూ అయిదు నిమిషాలు పడుతుంది. ఆ రోజు పన్నెండు పట్టింది. గుడ్డ నిదానంగా చుట్టాడు, మళ్ళీ విప్పి చుట్టాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

మూడో వారం కట్టు తీసేశారు. ముప్పై నాలుగో నెంబరు. మునివెంకటప్ప భుజాన్ని నాలుగు వైపులా తిప్పి చూశాడు. "బాగుండాది. ఇంగొక నెల బరువులెత్తొద్దు. ఇంగ నువ్వు ఈడికి రావాల్సిన పనే లేదు పో."

ధనంజయ సరే అన్నాడు. మొహం మామూలుగానే ఉంది. నొప్పి లేదు, ఎవరూ చెయ్యి కూడా వేయలేదు. కుప్పమ్మ మాత్రం కిందికి చూసింది. వేళ్ళు పదీ ముడుచుకున్నాయి.

ఆమె గిన్నె బల్ల మీద పెట్టింది.

"అన్నా" అంది పెద్దాయనతో, అందరి ముందూ. "రేపట్నించి నేను నాలుక్కే పోతా."

"అదేందమ్మే? నాలుగు తర్వాత పదిమంది వస్తారు. వాళ్ళ గతేంది?"

"గ్రేసీ ఉండాది గదా. రెండేండ్లుగా రాసేది టోకెన్లు, వినేది నా మాటలు. దానికి కాలివేళ్ళు సూసేది నేర్పిస్తా. తప్పు కొడితే నేను గూడా కొట్టినా గదా, తిట్లు తింటా నేర్చుకుంటాది." మొగుడి వైపు చూసింది. "నా మాటలు ఇవి, అన్నా. నేను సంపాదించుకున్నెవి. అన్నీ ఈడనే అవగొట్టను. కొన్ని మిగిలించుకోని పోతా."

మునివెంకటప్ప ఆమెనీ, బల్ల మీద కూర్చున్న ఆయననీ చూశాడు. "నువ్వు చెప్పినాక ఇంగేముండాది. పో" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. తన ఇంట్లో పనిచేసే మనిషి తన మాటల వెల తనే కట్టి చెప్పిందని కాస్త గొప్పగానే ఉంది ఆయనకి.

కుప్పమ్మ గుమ్మం దాకా పోయి గ్రేసీ దగ్గర పుస్తకం తీసుకుంది. ఆ రోజుకి ఆఖరి టోకెన్ రాసి, చింపి తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. కుడి చేతిలోనే పెట్టింది.

"ఇదేంది?"

"రేపు ఇది పట్టుకోని ఇంటికాడ కూసో. అయిదింటికి పిలుస్తా."

ధనంజయ నెంబరు చూసుకున్నాడు. నలభై ఒకటి. "నా ముందర ఎంతమంది ఉండారు?"

"ఎవురూ లేరు."

ఆయన టోకెన్‌ని రెండు మడతలు పెట్టి జేబులో వేసుకుని, చెప్పులు తొడుక్కోవడానికి బల్ల దిగాడు. అలవాటు కొద్దీ కుప్పమ్మ చూపు కిందికి పోయింది. చెప్పులో బొటనవేలు పైకి లేచి ఉంది.

"నెక్స్ట్!" అని కేకేసింది కుప్పమ్మ.